గ్వెన్ పెట్టిన గడువు

గ్వెన్‌లియన్ ప్యూ, మేం పిలిచే గ్వెన్, పుట్టింది ఉత్తర వేల్స్‌లోని పలకరాతి గనుల ఊళ్లో. ఎప్పటిదో గని సమ్మెలో కట్టు తప్పి పనికి వెళ్లినవాళ్ల ఇళ్లతో ఆమె నాయనమ్మ చివరిదాకా మాట కలపలేదు. అలాంటి ఇంటి పిల్లను నిండు సభలో ‘ద్రోహి’ అన్నారు. అన్నవాడు ఇద్రిస్, ఆమెతో కలిసి బడికెళ్లినవాడు.

అప్పట్లో నేను మా విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం దుకాణంలో గల్లా దగ్గర పనిచేసేదాన్ని. దుకాణానికి ఏం కొనాలో చూసే బాధ్యత ఆ ఏడు ఎన్నికల్లో గ్వెన్‌కు వచ్చింది. చలికాలం మొదట్లో ఒక కబురు తెలిసింది. ఒక కంపెనీ దగ్గర కొని మేం అమ్మే హుడీలు, మా విశ్వవిద్యాలయం పేరున్న టోపీ చొక్కాలు, కుట్టే ఢాకా ఫ్యాక్టరీలో, కార్మిక సంఘం పెట్టుకున్నందుకు కొందరిని పనిలోంచి తీసేశారు. ఇద్రిస్ వెంటనే సభ పెట్టించాడు.

“ఇవాళే కొనడం ఆపేద్దాం. వాళ్ల ఉసురు ఒంటికి తొడుక్కుని తిరుగుతామా?” అన్నాడు. హాలంతా చప్పట్లు.

గ్వెన్ లేచింది. “ఆపమని వాళ్లెవరైనా అడిగారా?”

“పనిలోంచి గెంటేశారు కదే! ఇంకా అడిగేదేంటి?”

“గెంటింది వాళ్లని. అడగాల్సిందీ వాళ్లనే. నాకు ఒక్క వారం ఇవ్వండి.”

గొణుక్కుంటూనే ఇచ్చారు. ఆమె ఢాకాలో ఆ కార్మిక సంఘానికి ఫోన్ చేసింది. పని పోయినవాళ్లలో ఒకామె, మొర్జినా, బెంగాలీలో చెబుతుంటే ఆఫీసు అమ్మాయి ఇంగ్లీషులో వినిపించింది.

“మీరు ఇప్పుడే వెళ్లిపోతే మా యజమానికి పండగే. సంఘం పెట్టారు, ఆర్డర్లు పోయాయి చూడండి అని లోపలున్నవాళ్లకి చెప్తాడు. పోకండి. ఉండి, మీకు అమ్మే కంపెనీ నెత్తిమీద కూర్చోండి.”

“ఎప్పటిదాకా అక్కా? వసంతంలో మాకు ఈస్టర్ పండగ వస్తుంది, అప్పటిదాకానా?”

“సరే, అప్పటిదాకా చూడండి. అప్పటికీ కదలకపోతే, ఆపమని మేమే చెప్తాం.”

మళ్లీ సభలో గ్వెన్ ఆ మాటే చెప్పి, పనివాళ్లని తిరిగి తీసుకోవడానికి కంపెనీకి ఈస్టర్‌దాకా గడువిద్దామంది.

ఇద్రిస్ నవ్వాడు. “గడువట! కంపెనీవాళ్లకి టీ, బిస్కెట్లు కూడా పెడతావా? మీ నాయనమ్మ ఉంటే నిన్ను గడప తొక్కనిచ్చేదా, ద్రోహీ?”

గ్వెన్ మొహం కందిపోయింది కానీ కూర్చోలేదు.

“మా నాయనమ్మ పేరెత్తకు. ఆ సమ్మె గనిలో దిగినవాళ్లు చేశారు. పై ఊళ్లవాళ్లు చెయ్యమంటే చెయ్యలేదు.”

గ్వెన్ తీర్మానం కొద్ది ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఇద్రిస్ ఆమెతో మాట్లాడటం మానేశాడు.

మా ఒక్క దుకాణాన్ని ఏ కంపెనీ ఖాతరు చేస్తుంది? అదే కంపెనీ దగ్గర కొనే విద్యార్థి సంఘాలు ఇంకెన్నో ఉన్నాయి. సెలవు దొరికితే గ్వెన్ రైలెక్కేది. లాంకాస్టర్, లీడ్స్, కార్డిఫ్. కొన్నిచోట్ల వెక్కిరించారు, కొన్నిచోట్ల తలుపే తియ్యలేదు. తడిసి వచ్చి, దుకాణం వెనక హీటర్ మీద మేజోళ్లు ఆరేసుకుంటూ, మళ్లీ ఎక్కడికి వెళ్లాలో చెప్పేది. చలికాలం గడిచేసరికి చాలా సంఘాలు అదే గడువుకు ఒప్పుకున్నాయి.

అప్పుడొచ్చాడు కంపెనీ మేనేజరు హేడాక్. తళతళలాడే నియమాల పుస్తకం బల్లమీద పరిచి, “మా వైపు నుంచి పరిశీలన జరుగుతోందమ్మా” అన్నాడు.

“సంతోషమండీ. మొర్జినా ఎప్పుడు పనిలో చేరుతుంది?”

ఆయన ప్రపంచ వ్యాపారం గురించి చాలాసేపు చెప్పాడు. ఆమె ఓపిగ్గా విని, మళ్లీ అదే ప్రశ్న అడిగింది. ఆయన పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు.

ఈస్టర్ వచ్చింది. ఎవరినీ తిరిగి పనిలోకి తీసుకోలేదు. ఇప్పుడు గ్వెన్‌కు ఓటేసినవాళ్లే మెత్తబడ్డారు. పట్టాలిచ్చే స్నాతకోత్సవం ముందు అమ్మకాలు పోతాయి, ఇంకొంచెం ఆగుదామన్నారు.

“గడువంటే గడువే,” అంది గ్వెన్, ఢాకాకు ఫోన్ కలుపుతూ.

“ఇప్పుడు ఆపండి,” అంది మొర్జినా.

ఆ వారంలోనే అన్ని సంఘాలూ ఆర్డర్లు ఆపేశాయి. మా దుకాణంలో హుడీలన్నీ నేనే కిందికి దించాను. పట్టా అందుకునే రోజున గుర్తుగా ఏం కొనుక్కోవాలని తల్లిదండ్రులు నన్ను చెడామడా తిట్టారు. గ్వెన్ నా పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ సంగతి విడమర్చి చెప్పింది.

వేసవి సెలవుల ముందు మొర్జినాను, మిగతావాళ్లను తిరిగి తీసుకున్నారు. హబీబ్ అనే నాయకుడికి మాత్రం గేటు తెరవలేదు. “మీరు మళ్లీ కొనండి, అతని కోసం మేం లోపలినుంచి పోరాడతాం,” అంది మొర్జినా. గ్వెన్ ఒప్పుకుంది కానీ, ఆ రోజు అందరూ బీరు పోసుకుంటుంటే గ్లాసు ముట్టలేదు.

ఇద్రిస్ వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. “ఆపమని నేను మొదటే చెప్పాను.”

“చెప్పావు. అప్పుడైతే ఆగేది మన దుకాణం ఒక్కటే.”

అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “సభలో నిన్ను ఆ మాట అనకుండా ఉండాల్సింది.”

“ఉండాల్సింది,” అంది గ్వెన్. క్షమించానని మాత్రం అనలేదు. ఢాకా సంఘం పంపిన హబీబ్ కేసు కాగితాలు అతని ముందుకు జరిపింది. “హేడాక్‌ని కలవడానికి సోమవారం మాంచెస్టర్ వెళ్తున్నా. వస్తావా?”

“ఎన్నింటికి రైలు?” అన్నాడు ఇద్రిస్.