గ్రోత్ లేదన్నారు

కలిదిండి దగ్గర రొయ్యల చెరువుల్లో మేత చల్లుతూనే గంగాధరరావు సగం వయసు గడిపేశాడు. ఎండకీ వానకీ లొంగని మనిషి, ఈమధ్య ఒంటేలుకి లొంగిపోయాడు. మేత పడవ ఎక్కాడో లేదో, మళ్లీ గట్టు చాటుకి పరుగు. తీరా వెళ్తే వచ్చేది నాలుగు చుక్కలు, అదీ మంట. అతని రాకపోకలకి అలవాటుపడి గట్టు మీద కుక్క కూడా అరవడం మానేసింది.

ఒకరోజు ఫోన్లో వీడియో చూశాడు. ఒకటి చూస్తే వరసగా పది వచ్చిపడ్డాయి. అన్నింట్లోనూ ఒకటే మాట, కిడ్నీ. కిడ్నీలు పోతే పడవ ఎవరు తోస్తారు, ఇల్లెలా గడుస్తుంది అని ఇక అదే గోల. వినీ వినీ విసుగొచ్చి, భార్య విజయకుమారి అతన్ని ఏలూరు తీసుకెళ్లింది.

డాక్టరుగారు రక్తపరీక్ష, స్కానింగ్ రాసి, "ఒంటేలు కల్చర్‌కి కూడా ఇవ్వండి" అన్నారు. ల్యాబ్‌లో హర్షిణి అనే అమ్మాయి చిన్న డబ్బా తీసుకుని, "రిజల్టు రావడానికి మూడు రోజులు పడుతుందండీ. రాగానే నేనే ఫోన్ చేస్తాను" అంది.

తిరుగు బస్సులో గంగాధరరావు గుసగుసగా అడిగాడు. "అంత చిన్న డబ్బాలో ఏం కల్చర్ చేస్తారే?"

"రొయ్యపిల్లల్ని వదుల్తారేమో."

"ప్రాణం పోతుంటే వెటకారాలా?"

"పోయేవాళ్లు ఇందాక రెండో ప్లేటు ఇడ్లీ ఎందుకు చెప్పారండీ?"

ఆ మూడు రోజులూ అతను చెయ్యని వైద్యం లేదు. వీడియోలో వద్దన్నారని టమాటా మానేశాడు, పాలకూర మానేశాడు. మాటిమాటికీ పరుగెత్తే బాధ తప్పుతుందని మంచినీళ్లు కూడా తగ్గించేశాడు.

ఈ చెరువుల ఊళ్లలో కల్చర్ అంటే రొయ్యల పెంపకమే. రొయ్య బరువెక్కుతుంటే గ్రోత్ ఉందని మురిసిపోతారు. గ్రోత్ లేదంటే రైతు మొహం మాడిపోతుంది. ఇక ఉన్నదేదో పట్టేసి, చెరువు ఎండగట్టెయ్యడమే.

అలాంటి ఊరి గంగాధరరావుకి ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. "మీ కల్చర్ వచ్చిందండీ. గ్రోత్ ఏమీ లేదు. ఒకసారి వచ్చి డాక్టరుగారిని కలవండి."

"కొంచెం కూడా లేదాండీ?"

"అస్సలు లేదండీ!" అని హర్షిణి హుషారుగా ఫోన్ పెట్టేసింది.

ఇంత దారుణం చెప్తూ ఆ హుషారేమిటో! మేత బస్తా మీద కూలబడ్డాడు. విజయకుమారి క్యారేజీ పట్టుకొచ్చేసరికి కళ్లనిండా నీళ్లు. "గ్రోత్ లేదన్నారే. నా పనైపోయిందే."

"ఈ వయసులో మీకింకా గ్రోత్ ఏంటండీ? పొట్ట పెరుగుతోంది, చాలదా?" అంది గానీ, ఆవిడకీ లోపల గుబులే. క్యారేజీ విప్పకుండానే ఇద్దరూ ఏలూరు బయల్దేరారు.

డాక్టరుగారు కాగితాలు తిరగేస్తుంటే గంగాధరరావు ఉండబట్టలేకపోయాడు. "నిజం చెప్పెయ్యండి బాబూ. ఇక ఎండగట్టెయ్యడమేనా?"

"దేన్నయ్యా ఎండగట్టేది?"

విజయకుమారి చెరువుల సంగతి విడమరిచి చెప్పింది. డాక్టరుగారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "గ్రోత్ లేదంటే ఒంటేల్లో క్రిములేవీ పెరగలేదని! మంచిమాటే అది. కిడ్నీలు రెండూ బాగున్నాయి. స్కానింగ్‌లో చిన్న రాయి కనబడింది, ఈ మంటంతా దానివల్లే. నీళ్లు బాగా తాగుతున్నావా?"



"వెళ్లాల్సొస్తుందని తాగడమే మానేశారండీ" అని భార్య పితూరీ చెప్పేసింది.

"అలాగైతే రాయి ఎలా పోతుందయ్యా? తాగు. మందులు రాస్తాను. తగ్గకపోతే మళ్లీ రా."

బస్టాండులో గంగాధరరావు ఒక సీసా నీళ్లు నిలబడ్డ చోటే ఖాళీ చేశాడు, ఇంకో సీసా కొని చంకలో పెట్టుకున్నాడు. కైకలూరు బస్సు కదలబోతోంది.

"ఎక్కండి, సీటు పోతుంది!" అని విజయకుమారి తొందరపెట్టింది.

"పోనీవే, ఇంకో బస్సు రాదా ఏంటి?" అంటూ సీసా ఆవిడ చేతిలో పెట్టి, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా, మరుగుదొడ్ల వైపు హుషారుగా పరుగు తీశాడు.