నాలుగు స్వరాలు, మోతీనగర్ ఆఫ్రికా

ముందే చెప్పేస్తున్నాను, నేను కొంచెం పెంచి చెప్పే రకం. (కొంచెం అన్నది కూడా తగ్గించి చెప్పిందే.) తొంభైల మొదట్లో కృష్ణానగర్ అద్దె గదుల్లో మనుషుల కన్నా కాబోయే హీరోలు ఎక్కువ. నేను మాత్రం సంగీతంలో విప్లవం తేవడానికి దిగాను. నా కీబోర్డులో సగం మెట్లు పలికేవి కావు. అందుకే ఎవరో విదేశీ క్యాసెట్ వినిపించగానే ప్రాణం లేచొచ్చింది. నాలుగే స్వరాలు, తిరిగి తిరిగి అవే, వెనక ఆఫ్రికా డోళ్ళు! ఆ పారవశ్యంలో రెండు పూటలు అన్నం ముట్టలేదు. (మెస్ మూసేశారు, అది వేరే సంగతి.)

ఆఫ్రికా కోసం మోతీనగర్ వెళ్ళాను. అక్కడి డప్పన్న సినిమా పాటలకు వాయించేవాడు. అతను దరువేస్తే బోరబండ బండరాళ్ళు జరిగి కూర్చునేవి. క్యాసెట్ విని, "గింతేనా తమ్మీ? గిది మా దరువుకు తమ్ముడు లెక్కుంది. నువ్వు నీ టింగుటింగు ఆపకు, మిగిలింది నేను జూస్కుంట" అన్నాడు. వేసవంతా చెమటోడ్చి ఇద్దరం ఒక క్యాసెట్ నింపాం. ఇంకో కాపీ తీసుకోవాలన్న తెలివి ఇద్దరికీ లేకపోయింది.

దాన్ని విడుదల చేయాల్సింది ఫిల్మ్ నగర్‌లో భక్తి పాటల క్యాసెట్లు వేసే మా దూరపు బాబాయి. "ఒక్కసారే వింటాన్రా. నచ్చితే వేస్తా. లేదంటే మీ నాన్న చెప్పినట్టు బుద్ధిగా బ్యాంకు పరీక్ష రాయాలి" అన్నాడు. క్యాసెట్ మొదలైంది. నాలుగు స్వరాలు. మళ్ళీ అవే. మళ్ళీ. బాబాయి ముఖం చిట్లించాడు.

"ఇరుక్కుందిరా!"

"లేదు బాబాయ్, పాటే అంత."

"నాకు చెప్తావేంట్రా క్యాసెట్ల గురించి!" అంటూ మూత తెరిచి లాగేశాడు. క్యాసెట్ వచ్చింది గానీ టేపు రాలేదు. అది జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా సాగింది. పెన్సిల్‌తో చుట్టి మళ్ళీ పెడితే, జలుబు చేసిన దున్నపోతు పాడినట్టుంది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. నాతో వచ్చిన డప్పన్న మాత్రం బాబాయి బల్ల ముందుకు జరిగాడు. "ఫికర్ జెయ్యకు తమ్మీ. నువ్వు నోటితో అను, నేను బల్ల మీద కొడ్త." అన్నాను, కొట్టాడు. ఆఫీసంతా గుమ్మంలో మూగింది. బల్ల కింద బాబాయి పాదం తాళం వేసింది. ఆగాక ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "బాగానే ఉంది గానీ, జనం మాత్రం ఇరుక్కుందనే వెనక్కి తెచ్చిస్తార్రా" అన్నాడు.

పరీక్ష రాశాను. బ్యాంకులో ఇప్పటికీ నా స్టాంపు నాలుగేసి దెబ్బలుగా పడుతుంది. డప్పన్న ఎప్పుడొచ్చినా కౌంటరు అవతలి నుంచి వేళ్ళతో అందుకుంటాడు. వెనక క్యూలో వాళ్ళు తిట్టుకుంటారు.

ఇంతకీ ఇందులో కల్పించిందేమిటంటారా? చెక్‌పోస్టు జోలికి రాకండి, అది నిజమే. బాబాయి పాదం ఒక్కటే నేను కదిపాను.