పసుపు తాగే కారు

డాక్టర్ సదాశివం గారు కారును గరాజ్‌కి తీసుకెళ్ళరు. దానికి పసుపు వేస్తారు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కారుతుంటే, ఆ ట్యాంకులో చెంచాడు పసుపు పోస్తే చిల్లు దానంతటదే పూడుకుంటుందట. ఎప్పుడో కాకినాడ దారిలో ఒక లారీ డ్రైవరు చెప్పాడట.

ఈ మహానుభావుడు బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. అక్కడ సెలైన్ గొట్టంలో ఆవగింజంత బుడగ కనిపించినా ఊరుకోరు. ఆసుపత్రి పార్కింగ్‌లో మాత్రం ఆయన కారు ఎక్కడ నిలబడిందో నేలమీది మరకలే చెబుతాయి.

నేను ఆయన కింద పనిచేసే జూనియర్‌ని, పైగా పక్కవీధి వాణ్ణి. కాబట్టి ఆదివారం సరుకులకు ఆయన కారే నాకు గతి. ఎక్కగానే హీటర్ ఫుల్లుగా పెడతారు. ఇంజన్‌లో వేడి మనవైపు లాగేస్తే అది చల్లబడుతుందట. కార్డిఫ్‌లో ఎండ కాసేదే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నేను ఆ కారులో ఆవిరికుడుములా ఉడికాను.

"కారుతున్న హోస్ గొట్టం మారిస్తే సరిపోతుంది కదా అంకుల్?"

"అన్నిటికీ కోత, కుట్టు అంటే ఎలాగయ్యా? దానికి కాస్త టైమివ్వు."

టైమిచ్చాం. అది ప్రతి ఆదివారం సరిగ్గా దారిలో ఒంటరిగా ఉండే మన తెలుగావిడ, ఆండాళమ్మ ఆంటీ ఇంటిముందే మరిగేది. సదాశివం గారు బానెట్ ఎత్తి, చేతులు కట్టుకుని, ఐసీయూ బయట బంధువులా నిలబడేవారు. లోపలినుంచి ఆంటీ నీళ్ళ జగ్గుతో, పసుపు డబ్బాతో ఊడిపడేది.

"మూత ముట్టుకోకండి! వేడిమీద తీస్తే మొహం కాలిపోద్ది. మీకు డాక్టరు పట్టా ఎవరిచ్చారండీ బాబూ?"

"చల్లారేదాకా ఏం చెయ్యమంటారు మరి?"

"ఏం చేస్తారు, లోపలికి రండి. పెసరట్లు పోస్తాను."

పెసరట్లు బాగానే ఉండేవి. నా ఆదివారాలే ఆవిరైపోతున్నాయి. అందుకే ఆయన మాంచెస్టర్‌లో ఏదో సదస్సుకు రైల్లో వెళ్ళినప్పుడు, నాకిచ్చిన తాళాలతో కారును గరాజ్‌కి తోలాను. మెకానిక్ ట్యాంకులోకి తొంగిచూసి, ఇది ఎవరి భోజనం అని అడిగాడు. కడిగి, హోస్ మార్చి ఇచ్చాడు.

ఆదివారం ఆయన స్టీరింగ్ ముందు కూర్చోగానే గర్వంగా చెప్పాను. సన్మానం జరుగుతుందనుకున్నాను.

"ఎవరు చెయ్యమన్నారయ్యా నిన్ను?" ఆయన మొహం వాడిపోయింది. "భర్త పోయాక ఆవిడ ఎవరికీ తలుపు తియ్యడం మానేసింది. పలకరించడానికి వెళ్తే కిటికీలోంచే 'బాగానే ఉన్నానండీ' అని పంపేసేది. నేనూ అలా తిరిగొచ్చినవాణ్ణే. ఒకరోజు నిజంగానే ఆవిడ ఇంటిముందు కారు మరిగింది. జగ్గు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, నన్ను తిట్టిపోసి, అట్లు పెట్టింది. జాలిపడేవాళ్ళు ఆవిడకి అక్కర్లేదయ్యా, చీవాట్లు తినేవాడు కావాలి. ఇప్పుడేం చెప్పి ఆగను?"

బయల్దేరాం. కారు సిగ్గులేకుండా ఆరోగ్యంగా పరిగెడుతోంది. వేడి చూపే ముల్లు బుద్ధిమంతుడిలా మధ్యలో కూర్చుంది. అయినా సదాశివం గారు ఆ ఇంటిముందే ఆపి, బానెట్ ఎత్తి, చేతులు కట్టుకున్నారు.

ఆంటీ జగ్గుతో వచ్చింది. ఆవిరి లేదు, చుక్క కారడం లేదు. బానెట్ లోపలికి వంగి చాలాసేపు చూసింది.

"అబ్బో, బాగా మరిగిపోయిందండోయ్! లోపలికి రండి," అంది.

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే, పెనం మీద పిండి తిప్పుతూ నాతో గొంతు తగ్గించి అంది. "అది మరగలేదని నాకు తెలీదేంటి? పాపం, పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఆదివారం పూట ఇంత వేడిగా చేసిపెట్టే దిక్కెవరు? ఊరికే రమ్మంటే మొహమాటపడతారు. ఆయన దగ్గర అనకు బాబూ, చిన్నబుచ్చుకుంటారు."

బయల్దేరేటప్పుడు, దారిలో పనికొస్తుందని పసుపు పొట్లం కట్టి ఇచ్చింది. సదాశివం గారు రెండు చేతులా అందుకున్నారు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేనే చెయ్యి చాపి హీటర్ ఫుల్లుగా పెట్టాను.