నా చేతులు జవాబు చెప్పిన వేసవి

మొన్న నా గుండెకు స్కానింగ్ తీసిన డాక్టరమ్మ, చిన్నప్పుడు కీళ్ళ జ్వరం గానీ వచ్చిందా అని అడిగితే వచ్చిందన్నాను గానీ, ఆ జ్వరం పోతూ పోతూ నన్ను అమ్మవారిని చేసి పోయిందన్న సంగతి చెప్పలేదు. ఈ కాలం పిల్ల, నవ్వుతుంది. నా ఈడువాళ్ళు మీరైతే నవ్వరు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవి, నూజివీడు దగ్గర మా మామిడితోటలో చిన్నరసాలు కోతకొచ్చాయి. నాకు తొమ్మిదేళ్ళు. జ్వరం తగ్గి కొన్నాళ్ళయ్యేసరికి నా చేతులు వాటంతటవే ఎగిరిపడటం మొదలుపెట్టాయి. ముఖం వంకర్లు పోయేది, నోటికి తీసుకెళ్ళిన ముద్ద చెవి దగ్గరికి చేరేది. మా నాయనమ్మ చూసి పూనకమని తేల్చేసింది. ఆవిడ తేల్చాక మా ఇంట్లో అప్పీలు లేదు. పసుపు చీర చుట్టి, కాయలు రాశిపోసే పాకలో వేపమండల మధ్య పీట వేసి కూర్చోబెట్టారు. కుడి చెయ్యి లేస్తే అవునని, ఎడమ లేస్తే కాదని అర్థం చెప్పింది కూడా ఆవిడే. గాలివాన వస్తుందా, కోత ఆపాలా అని ముసునూరు నుంచి కూడా వచ్చి అడిగేవారు. చేతులు రెండూ తొడల కింద అదిమిపెట్టుకునేదాన్ని. అయినా ప్రశ్న పూర్తికాగానే ఏదో ఒకటి తప్పించుకుని లేచేది. నా మాట వినని చెయ్యి వాళ్ళ మాట వింటోందే అనుకునేదాన్ని. నా లోపల నిజంగానే ఇంకెవరో కూర్చున్నారని నమ్మాను.

ఒక మధ్యాహ్నం మా తోటలో కాయలేరే కూలిమనిషి, ఒళ్ళు కాలిపోతున్న చంటిపిల్లను నా ముందు పడుకోబెట్టి, "డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటావా తల్లీ?" అంది. తీసుకెళ్ళమందామని నోరు తెరిచాను, నాలుక కూడా మెలికపడి మాట రాలేదు. ఎడమ చెయ్యి లేచింది. ఆమె నా పాదాలు కళ్ళకద్దుకుని, పిల్లకు వేపాకూ పసుపూ నూరి రాసి, పాకలోనే ఉంచుకుంది. మూడోరోజు ఆ పిల్ల పోయింది.

నేను తిండి మానేశాను. అప్పుడు మా నాన్న, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల్లికి ఎదురుచెప్పి, బండి కట్టించి నన్నూ అమ్మనూ నూజివీడు తీసుకెళ్ళాడు. పూనకం సంగతంతా విని డాక్టరు అడిగింది ఒక్కటే, నిద్రలో కూడా చేతులు ఇలాగే ఆడతాయా అని. ఆడవండీ అంది అమ్మ.

"అమ్మవారికి నిద్రేంటమ్మా! ఇది జబ్బు. ఆ జ్వరమే మెదడులో, కదలికలను అదుపుచేసే చోట దెబ్బకొట్టింది," అన్నాడాయన. అలికిడి లేని గదిలో మంచం దిగనివ్వకుండా, మత్తుమందూ చేదుబిళ్ళలూ వేస్తే, రెండు నెలలకు నా చేతులు నా స్వాధీనంలోకి వచ్చాయి.

ఈ రోజుల్లో పెనిసిలిన్ పుణ్యమా అని ఆ జబ్బు అరుదట. వచ్చినా పీట వేసేవాళ్ళు లేరు, సంతోషమే. ఆ కూలిమనిషి మాత్రం నాకు పెళ్ళయి వెళ్ళేదాకా ఏటా తొలిపండు తెచ్చి నా ముందు పెట్టి, తన పిల్లను అమ్మవారే పిలుచుకుందని చెప్పుకుని వెళ్ళేది. అది జబ్బని చెబితే ఆమెకు పిల్లతోపాటు అమ్మవారూ లేకుండా పోతుందని నోరు మూసుకునేదాన్ని. ఆమె వెళ్ళాక ఆ పండు తినేదాన్ని కూడా. ఇప్పుడు నిజం చెప్పే ధైర్యం వచ్చింది గానీ, వినడానికి ఆమె లేదు.