పియానోకు బండి చక్రం వైద్యం

మా ఊర్లో పియానో పెట్టుకునేవాళ్లు దాని కడుపులో ఒక నీళ్ల చెంబు కూడా పెట్టుకోక తప్పదు. అనంతపురం ఎండకు మనిషి తోలే పగుల్తాది, ఇంక చెక్క సంగతి చెప్పాల్నా? లోపలి చెక్క ఎండితే తీగల్ని పట్టుకున్న మేకులు వదులైపోతాయి, మేకులు వదులైతే శ్రుతి దిగిపోతాది. ఎండాకాలమంతా చెంబులో నీళ్లు తగ్గనీయొద్దమ్మా అని, ఏడాదికోసారి బెంగళూరు నుంచి వచ్చి శ్రుతి చేసిపోయే ఆయన గట్టిగా చెప్పినాడు.

ఆయన చెప్పి పోయినాడు, పాట్లు పడింది నేను. ఆ కరువేళ్లలో కొళాయి ఎప్పుడొస్తాదో దేవునికే తెలీదు. ట్యాంకరు కాడ బిందెల కొట్లాట. నేను చెంబు ముంచితే చాలు, మనుషులకు లేవు తాగను, కొయ్యకు పోస్తాండావా అని నాయన అందుకునేవాడు. ఆ కొయ్యే నాకు కూడు పెడతాండాది నాయనా అని నేనూ ఊరుకునేదాన్ని కాదు.

ఉన్నమాటే. నేను పుట్టింటికి తిరిగొచ్చినదాన్ని. బెంగళూరు హాస్టల్లో చదివిన కాలంలో నేర్చుకున్న పియానో తప్ప చేతిలో వేరే విద్య లేదు. ఊర్లో ఒక పాత బంగళా ఖాళీ చేస్తాంటే ఈ పియానో దొరికింది, వీధివైపు రూములో పెట్టుకుని పాఠాలు మొదలుపెట్టినాను. కాళ్లు నేలకందని పిల్లోళ్లు, కాలేజీ పిల్లలు, డ్యూటీ దిగి నేరుగా వచ్చే నర్సమ్మ, అందరూ వచ్చేవాళ్లు. వేరే ఇంట్లో ఉంటా బుడ్డల, అదే వేరుశనక్కాయల, వ్యాపారం చేసే మా అన్న కన్ను మాత్రం ఆ రూము మీదే. "ఆ పెట్టె పలికినన్ని దినాలు రూము నీది. పలకడం మానేసిన దినం నా బుడ్డల మూటలకు కావాల" అని మొగం మీదే చెప్పినాడు. అప్పట్నుంచి పొద్దున్నే పియానో మొదటి మెట్టు నొక్కేముందు దేవునికి దండం పెట్టుకునేదాన్ని.

కంబదూరు సైడు నుంచి ఒక రైతు ఆదివారం ఆదివారం మనవరాల్ని తీసుకుని బస్సులో వచ్చేవాడు. మొదట్లో గడప కాడ కూర్చుని వినేవాడు. ఒకనాడు సిగ్గుపడతా, నాకూ నేర్పుతావా పాపా అని అడిగినాడు. నాగలి మేడి పట్టిన వేళ్లు, ఒక మెట్టు నొక్కమంటే రెండు నొక్కేవి. తప్పు పోయినప్పుడంతా పియానోను తాకి కళ్లకద్దుకునేవాడు, మనవరాలు పకపకా నవ్వేది.

ఆ ఎండాకాలం చెంబు నీళ్లకు కూడా లొంగలేదు. కింది స్వరాలు దిగజారినాయి. అది ముందుగా పసిగట్టింది కంబదూరాయనే, దీని గొంతు పోయినట్లుండాదే అన్నాడు. పైమూత తీసి, చెక్క ఎండి మేకులు వదులైనాయి పెద్దాయనా అని చూపించినాను.

ఆ తర్వాతి ఆదివారం చుట్టాల పెండ్లికని నేను గోరంట్లకు పోయినాను. పాఠం లేదని కంబదూరుకు కబురు అందలేదు. ఆయన వచ్చి నాయనతో మాటల్లో పడినాడు. మా సైడు ఎద్దులబండి చక్రం ఎండి, ఇనప పట్టా వదులైతే తడి గోనెలు చుట్టి నానబెడతారు. చెక్క ఉబ్బి పట్టాను మళ్లా గట్టిగా పట్టుకుంటాది. దీనికీ అదే రోగం, అదే మందు అని ఇద్దరూ తేల్చుకున్నారు. చెంబుడు నీళ్లకు నన్ను సాధించిన నాయన, తాగే నీళ్ల కడవ ఎత్తుకొచ్చి తనే గోనెలు తడిపి పియానో లోపల మేకుల చుట్టూ కప్పినాడంట.

సాయంత్రం నేను రూములో అడుగు పెడతానే తడి గోనె వాసన. మెట్టు నొక్కితే దిగింది, పైకి రాలేదు. ఇంకోటి నొక్కినాను, అదీ అంతే. నాయనేమో, రేపటికి బిగుసుకుంటాది చూడు అని సంబరంగా నిలబడినాడు. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లు చేసినారు కదా, నన్ను నిలువునా ముంచినావు కదా నాయనా అని ఇల్లెగిరిపోయేట్లు అరిచినాను. నాయన వసారాలోకి పోయినాడు.

ఎస్టీడీ బూతు నుంచి బెంగళూరాయనకు ఫోన్ చేసినాను. గోనెలు తీసేయ్, ఎండలో పెట్టొద్దు, ఫ్యాను వేయొద్దు, దానంతటది ఆరనీ, నేనొస్తా అన్నాడు. బాగవుతాదా అంటే, చూడకుండా ఎట్ల చెప్పాలమ్మా అన్నాడు.

ఆయన వచ్చేదాకా నేను తిన్నదీ లేదు, పండుకున్నదీ లేదు. పాఠం ఆపితే అన్నకు తెలిసిపోతాది. అందుకని పాత బల్ల మీద సుద్దముక్కతో మెట్లు గీసి, పిల్లోళ్లను వాటి మీద వేళ్లు ఆడించమన్నాను. వాళ్లు నొక్కిన స్వరం నేను నోటితో పలికేదాన్ని. అన్న బండి చప్పుడు వినబడితే అందరం గొంతెత్తి పాడేవాళ్లం. ఏమ్మే, పెట్టె మోగలేదే అని అడిగితే, పాట ముందు నోటికి రావాలన్నా, ఆమీదే చేతికి అని చెప్పి తప్పించుకున్నాను.

బెంగళూరాయన వచ్చి, విప్పి, చాలాసేపు చూసినాడు. మేకుల్ని పట్టే చెక్క పొరలు పొరలుగా అంటించింది, అంటు విడిపోయిందమ్మా అన్నాడు. తీగలు తుప్పెక్కినాయి. ఇంక ఇది పలకదు.

గడప కాడ కంబదూరాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చినాడు. ఆయన్ని తిట్టల్లని ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో, అన్నీ మింగి తాగను చెంబుతో నీళ్లిచ్చినాను.

సంగతి దాగలేదు. మరుసటి దినమే అన్న మూటలబండి తోలించుకుని వచ్చినాడు. అప్పుడు పిల్లోళ్లు బల్ల ముందర కూర్చునుండారు. మాటంటే మాటే కదా, ఏమని అడ్డం పడేది?

నాయన లేచి వచ్చి గడపలో నిలబడినాడు.

"ఈడ పాఠం జరుగుతాండాది. మూటలు నా రూములో దించుకో" అన్నాడు.

"మరి నువ్వు యాడ పండుకుంటావు నాయనా?" అన్నాడు అన్న.

నాయన లోపలికి పోయి మంచం తనే ఈడ్చుకొచ్చి వసారాలో వేసుకున్నాడు. తప్పైందని నాతో ఒక్కమాట అనలేదు, నేనూ అడగలేదు. ఆమీద ఎండకూ చలికీ ఆడే పండుకున్నాడు, పోయేదాకా. నేను ఆ రూములో, సుద్దమెట్లు గీసిన బల్ల మీదే, పాఠం చెప్తానే వచ్చినాను.