ఒక్క పేరూ లేని ఫోను

మా తమ్ముడు ఏసుపాదానికి చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. తొంభై మూడులో వికలాంగుల కోటా కింద భవానీపురంలో ఎస్టీడీ బూత్ ఇచ్చారు. పెళ్లి చేసుకోలేదు. మా ఆయన పోయాక నాకు తోడు వాడే, వాడికి ఇంత వండిపెట్టేది నేనే.

ఆడవాళ్లు ఫోను చేసుకోవడానికొస్తే వాడు బూత్‌లో ఉండేవాడు కాదు. చంకకర్ర పట్టుకుని బయటికొచ్చి, స్టూలు మీద రోడ్డు వైపు తిరిగి కూర్చునేవాడు. ఎండైనా అంతే, వానైనా అంతే. మాట్లాడ్డం అయ్యాక మిషన్లోంచి బిల్లు చీటీ వచ్చేది. దాని మీద వాళ్లు చేసిన నంబరు పడుతుంది. ఎవరన్నా ఆ చీటీ వదిలేసి వెళ్తే చించి, టీ గ్లాసు అడుగున తడిపి ముద్ద చేసి పారేసేవాడు.

"ఏం చాదస్తంరా నీది! ఆ చిత్తుకాయితం ఎవరేరుకుంటారు?" అన్నాను ఒకసారి.

"వాళ్లెవరికి చేశారో వాళ్ల ఇంట్లోవాళ్లకే తెలీకపోవచ్చక్కా. నాకెందుకు తెలియాలి?" అన్నాడు.

తర్వాత సెల్‌ఫోన్లొచ్చాయి. బూత్‌కి జనం తగ్గారు. వాడు రీఛార్జీలు మొదలుపెట్టాడు. ఒక రోజు మా వీధిలో అమలమ్మ గారి కోడలు తన నంబరు పైకి చెబుతుంటే, వెనక నిలబడ్డవాడొకడు దాన్ని తన ఫోనులో కొట్టుకోవడం వీడు చూశాడు. ఆ రోజు నుంచి ఏ ఆడపిల్లనీ నంబరు నోటితో చెప్పనిచ్చేవాడు కాదు. ఫోను చేతికిచ్చి వాళ్లనే కొట్టమనేవాడు. మళ్లీ వచ్చినప్పుడు ఆ అవసరం కూడా లేకుండా, తన ఫోనులో ఆ నంబరు పక్కన తనకి గుర్తుండే పేరొకటి పెట్టుకునేవాడు. ఇక వాళ్లొచ్చి "అన్నా, యాభై రూపాయలు వెయ్యి" అంటే చాలు.

మా వీధిలో జాకెట్లు కుట్టే సబీహాకి "సబీహా కుట్టుమిషను" అని పెట్టాడు. ఆ పిల్ల చూసి పకపకా నవ్వింది. "మిషను కూడా కలిపేశావేంటన్నా!" అంది. వాళ్లాయన అష్ఫాక్ ఆటో తోలతాడు. పెళ్లానికి ఫోనెందుకని ఏడాది పైగా కొనివ్వలేదు. ఆ పిల్ల బతిమాలగా బతిమాలగా కొనిచ్చాడు. ఫోనొచ్చాక ఉయ్యూరు నుంచి కూడా బట్టలు పంపేవాళ్లు. పొద్దున లేస్తే ఆ మిషను చప్పుడే మాకు వినిపించేది.

రెండు వేల ఏడు వానాకాలంలో తమ్ముడి ఫోనుకి బటన్లు అరిగిపోయాయి. వన్ టౌన్‌లో ఒక కొట్టువాళ్లు పాతది తీసుకుని కొత్తది తగ్గించి ఇస్తున్నారంటే వెళ్లాడు. సిమ్ తీసి వాడి చేతిలో పెట్టారట. కొత్త ఫోనులో చూస్తే పేర్లు లేవు. అడిగితే, "సిమ్‌లో లేకపోతే పోయినట్టేనండీ, ఇందులో ఇంకేముంటుంది, ఉత్త డొక్కు" అన్నారట. వీడు నమ్మాడు. ఇంటికొచ్చి, "పేర్లన్నీ పోయాయక్కా, మళ్లీ అందర్నీ నంబర్లు కొట్టమనాలి" అని నవ్వాడు కూడా.

అవి పోలేదు. ఆ డొక్కులోనే ఉండిపోయాయి.

కొన్నాళ్లకి సబీహా, అష్ఫాక్ మా గుమ్మంలోకొచ్చారు. ఆ పిల్ల కళ్లు వాచి ఉన్నాయి.

"ఎవడో ఫోన్ చేసి 'సబీహా కుట్టుమిషనేనా' అంటున్నాడన్నా. ఏవేవో పిచ్చిమాటలు."

"ఆ పేరు నీ ఫోనులో తప్ప ఎక్కడుంది?" అన్నాడు అష్ఫాక్. "రోడ్డు వైపు తిరిగి కూర్చుంటే పెద్దమనిషివనుకున్నాం. ఎంతకమ్మావ్?"

తమ్ముడు అప్పటికప్పుడు కర్ర పట్టుకుని వన్ టౌన్ వెళ్లాడు.

"ఏ ఫోనని వెతకమంటారండీ? గంపల్లో వస్తాయి, గంపల్లో పోతాయి" అన్నాడట కొట్టువాడు.

"పేర్లు తీసెయ్యకుండా ఎలా అమ్మేశారు?"

"తీసేస్తామని మేమన్నామా? బిల్లు వెనకాల అంతా ఉంది, చూసుకోండి."

బిల్లు వెనకాల చీమతలకాయంత ఇంగ్లీషు. రీఛార్జి కంపెనీ ఆఫీసుకెళ్తే అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పిందట, "అది మా బాధ్యత కాదు సార్, వాళ్లనే నంబరు మార్చుకోమనండి" అని.

ఆ బురదలో ఇల్లిల్లూ తిరిగాడు. "తప్పు నాదేనమ్మా, నంబరు మార్చుకోండి" అని ప్రతి గుమ్మంలోనూ చెప్పాడు. కొందరు మంచినీళ్లిచ్చారు. కొందరు తలుపేశారు. అష్ఫాక్ సబీహా చేతిలో ఫోను తీసేసుకున్నాడు. ఉయ్యూరు బట్టలు ఆగిపోయాయి. మిషను చప్పుడు వినపడని పొద్దుటిపూట తమ్ముడు కాఫీ గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుండిపోయేవాడు. రీఛార్జీలు మానేశాడు. తన ఫోనులో ఒక్క పేరూ పెట్టుకోలేదు. ఎవరికి చేసినా మాట్లాడ్డం అవగానే ఆ నంబరు తుడిచేసేవాడు. నా నంబరు తను నోటికి పెట్టుకుని, తన నంబరు నాకు నోటికి నేర్పించాడు.

"నా పేరన్నా పెట్టుకోరా" అంటే, "వద్దక్కా, రేపు ఇదెవడి చేతిలో పడుతుందో" అన్నాడు.

మరుసటేడు ఎండల్లో, బజారుకని వెళ్లినవాడు సాయంత్రమైనా రాలేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. చీకటి పడేసరికి అదీ లేదు. వీధిలో నిలబడ్డ నన్ను చూసి అష్ఫాక్ ఆటో ఆపాడు.

"ఎక్కు తెరేసమ్మక్కా" అన్నాడు. ఆసుపత్రులన్నీ తిరిగి పెద్దాసుపత్రికెళ్లేసరికి అంతా అయిపోయింది. ఎండకి రోడ్డు మీద పడిపోతే ఎవరో తెచ్చి చేర్చారట.

"ఫోను చూశామమ్మా. ఒక్క పేరు కూడా లేదు, ఎవరికని చేస్తాం? బట్టలతో పాటు బీరువాలో పెట్టేశాం" అంది నర్సు. "మాట పడిపోయింది. దుప్పటి మీద వేలితో ఏదో నొక్కుతూనే ఉన్నాడు. బాధకనుకున్నాం."

నాకు తెలుసు వాడేం నొక్కాడో.

అష్ఫాక్ గోడ వైపు తిరిగి ఏడ్చాడు. మర్నాడు శవప్పెట్టెలో పరిచే తెల్లబట్ట సబీహానే కుట్టింది. చాన్నాళ్లకి ఆ మిషను చప్పుడు విన్నాను.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్లేరుతూ, ఏం తోచక వాడి నంబరు కొట్టాను. మోగింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"ఎవరండీ?" అంది. నేను చేట పక్కన పెట్టాను. "ఎవరు మీరు? నా నంబరు మీకెవరిచ్చారు?" అంది మళ్లీ. ఆ గొంతులో భయం ఉంది.

"పొరపాటమ్మా" అని పెట్టేశాను. మళ్లీ ఎప్పుడూ చెయ్యలేదు. నంబరు మాత్రం ఇప్పటికీ నోటికి ఉంది.