ఆదివారం బెల్టు

నిటారుగా నిలబడిందని ఆమె వికలాంగుల పింఛను ఆపేశారు.

రేపల్లెలో మా పక్కింటావిడ. నాట్లు వేసీ వేసీ నడుము వంగిపోయి, పనికి పోలేని రోజులొచ్చాక ఆ పింఛనే ఆమె తిండి. తెనాలి డాక్టరు రాసిచ్చిన ఇనుప రేకుల బెల్టు ఒళ్ళు ఒరుసుకుపోతుందని వారమంతా మేకుకు వేలాడేది. ఆదివారం మాత్రం పళ్ళు బిగబట్టి దాన్ని కట్టుకుని, తలెత్తుకుని చర్చికి నడిచేది. ఇంటికొచ్చి విప్పగానే మళ్ళీ వంగిపోయేది.

బాపట్లలో పింఛన్ల తనిఖీకీ అలాగే బెల్టు కట్టుకునే వెళ్ళింది. అక్కడి డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే, "బాగానే నిలబడ్డావుగా, వెళ్ళమ్మా" అన్నాడట. చీర కింద ఏం బిగించుకుందో అడిగిన పాపాన పోలేదు.

పూర్వం దొరల దేశాల్లో గొప్పింటి పిల్లల మెడకు ఇనుప పట్టీలు, వీపుకు చెక్కలు కట్టి నిటారుగా పెంచేవారని లైబ్రరీలో చదివాను. నిటారుగా ఉన్నందుకు వాళ్ళ నోటికాడ కూడు ఎవరూ లాక్కోలేదు.

ఆఫీసుల చుట్టూ తిరిగాను, అరిచాను. ఎవరూ పలకలేదు. ఆమె మంచాన పడ్డాక ఒకరోజు ఉక్రోషం ఆగక అడిగేశాను.

"ఆ తనిఖీ రోజు ఒక్కటీ ఆ బెల్టు ఇంట్లో వదిలి వెళ్తే నీకేం పోయేదమ్మా?"

ఆమె మేకు వైపు చూసింది.

"అంతమంది పెద్దోళ్ళ ముందుకి వంగిపోయి ఎలా వెళ్ళమంటారండి, బాబాయిగారూ?"